పాటలు, మాటలు, నిశ్శబ్దములు సహా

మైకు సెట్టు ఆయన బిడ్డ మొదటిసారి మా ఇంటికి కాగితాలు పట్టుకొచ్చిన రోజున నా డైరీలో నాలుగు వాక్యాలు ఉన్నాయి. బోరు మోటారు బాగుచేయించాను. మధ్యాహ్నం మబ్బు పట్టి విడిచిపోయింది. జొన్నరొట్టె, పుంటికూర. నాలుగోది ఇది: "సౌండు పని చేసే అమ్మాయికి అగ్రిమెంటు కావాలట. నాతో కాదన్నాను."

కాదనడానికి కారణం ఉంది. జహీరాబాదులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర బల్ల వేసుకుని ముప్పై ఆరేళ్ళు దస్తావేజులు రాసినవాణ్ణి. ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ రైటర్ సాబ్‌నే. నేను రాసినవన్నీ చెలకలు, ప్లాట్లు, ఇండ్లు, దుకాణాలు. అవి కంటికి కనిపిస్తాయి. నాలుగు దిక్కులా హద్దులుంటాయి. అనుమానమొస్తే పోయి ఆ నేల మీద నిలబడి చూసుకోవచ్చు. చప్పుడుకు హద్దేమిటి, దానికి కాగితమేమిటి అనుకున్నాను.

వాళ్ళ నాన్న నాకు పాత పరిచయం. పెళ్ళిళ్ళకు, మీటింగులకు, జాతరలకు మైకు సెట్లూ షామియానాలూ కిరాయికి ఇచ్చేవాడు. మూలాలు బీదర్ వైపు. ఇంట్లో కన్నడం, దుకాణంలో ఉర్దూ, మాతో తెలుగు. బిడ్డ హైదరాబాదులో సౌండు చదువు చదివి, కొన్నేళ్ళు అక్కడొక స్టూడియోలో పనిచేసి తిరిగి వచ్చింది. ఇప్పుడు దుకాణం మీది గదిలో సొంతంగా పనిచేస్తుంది. ఇది ఉద్యోగం కాదు. పిలిచినవాళ్ళ పాటలు రికార్డు చేస్తుంది, వాటిని శుభ్రం చేస్తుంది, ఏ గొంతు ఎంత వినిపించాలో సరిచూసి ఇస్తుంది. ఆ పని అయిపోతే ఇంకొకరి పని. గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా గది చుట్టూ పాత షామియానా గుడ్డలు, పెళ్ళిళ్ళలో పరిచి పరిచి అరిగిన బొంతలు వేలాడదీసింది.

మరునాడు మళ్ళీ వచ్చింది. చేతిలో ఇంగ్లీషు కాగితాలు ఐదు. ఎవరో ఇంటర్నెట్టులోంచి దించి ఇచ్చారట.

"నువ్వు కాదంటె ఎట్ల కాకా? ఇది చూపిస్తె గిరాకి చెప్పులు గూడ ఏసుకోకుండ ఉరుకుతున్నడు."

"అసలు కాగితమెందుకు? మీ నాయిన ఏనాడన్న కాగితం రాసిండా?"

"నాయిన మైకు కట్టిండు, కార్యం అయినంక ఇప్పుకొచ్చిండు. పని అయిపోయిందని అందరికి కనబడ్డది. నా పని అయిపోయిందని ఎవరికి ఎరుక?"

మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చి నా వైపు చూసింది. "భూములమ్మేటోళ్ళ మాటలు అన్నేండ్లు ఇన్నరు గద. జర గా పిల్ల మాట గూడ ఇనుండ్రి."

అప్పుడు ఆ అమ్మాయి మొగుడంపల్లి వైపు ఒక భజన మండలి సంగతి చెప్పింది. పన్నెండు మంది. పాటలన్నీ రికార్డు చేసి, సరిచేసి ఇచ్చింది. మరునాడు తబలా ఆయన ఫోన్ చేసి తబలా సరిగ్గా వినపడటం లేదన్నాడు, పెంచింది. హార్మోనియం ఆయనకు కోపం వచ్చింది, అదీ పెంచింది. తర్వాత వంత పాడేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, ఒకరికి తెలియకుండా ఒకరు.

"అందరియి పెంచుకుంట పోతె ఏమైతది కాకా? మల్ల మొదటికే వచ్చింది. పదకొండుసార్లు చేసిన. పన్నెండో ఆయన ఒక్కడే ఏమనలే."

"ఆయనెందుకు అనలే?"

"తాళాలు కొడ్తడు. ఆయనియి అందరికన్న ఎక్కువ ఇనబడ్తయి."

నవ్వు ఆపుకోలేకపోయాను. లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు, రూళ్ళ కాగితాలు తెచ్చుకున్నాను. డైరీలో ఆ రోజు: "కూర్చున్నాను."

పొలం రాసేటప్పుడు అడిగినట్టే అడిగాను. నీ పని ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది? నువ్వు చేతికిచ్చేదేమిటి? ఎన్నిసార్లు సరిచేస్తావు? కరెంటు పోతే, వాన వస్తే, పాడే మనిషికి గొంతు పట్టుకుపోతే ఏమిటి? రికార్డు చేసినదాన్ని ఎన్నాళ్ళు దాస్తావు, ఎన్ని చోట్ల? ఆమె ప్రతిదానికీ కాసేపు ఆలోచించి చెప్పేది. తెలియనిదానికి తెలియదనేది. నా బల్ల ముందు కూర్చున్న వందలమందిలో అలా అన్నవాళ్ళు కొద్దిమందే. చివరికి పెద్ద అక్షరాలతో ఒకటిన్నర పేజీ అయింది. రెండుసార్లు సరిచేయడం పనిలో భాగం, మూడోసారి నుంచి అది కొత్త పని. ప్రతి రికార్డుకు మూడు నకళ్ళు, మూడు వేర్వేరు చోట్ల. పని ఇచ్చినవాళ్ళ తరఫున ఒక్క మనిషి మాటే చెల్లుతుంది, ఆ మనిషి ఎవరో ముందే కాగితంలో రాయాలి.

ఆ కాగితాన్ని అదే భజన మండలికి వాళ్ళ రెండో రికార్డింగుకు చూపించాము. మండలి పెద్ద గట్టిగా చదివి ఆ చివరి షరతు దగ్గర ఆగాడు.

"ఒక్కని మాటే చెల్లుతదంట. గా ఒక్కడెవడు?"

అరగంట కొట్లాడుకున్నారు. ఆఖరికి తాళాలు కొట్టే ఆయన పేరు రాయించారు, ఆయన ఎవరితోనూ మాట్లాడడని. పని రెండుసార్ల సవరణతో ముగిసింది. ఆయన ఫోన్ చేసి "బాగుంది బిడ్డా" అని పెట్టేశాడట. ఆ రోజు నుంచి నాకు ఆ పని మీద గౌరవం పుట్టింది. ఆ అమ్మాయి మీద అంతకు ముందే పుట్టింది.

తర్వాత హైదరాబాదు నుంచి పెద్ద పని వచ్చింది. ఫోనులో వినే పాటలూ కథలూ తయారుచేసే ఒక కంపెనీ వాళ్ళు, మన వైపు వ్యవసాయం చేసే ఆడవాళ్ళ పాటలు కావాలన్నారు. విత్తేటప్పుడు, కలుపు తీసేటప్పుడు, తిరగలి విసిరేటప్పుడు పాడేవి. మేనేజరు ఫోనులో సరేనన్నాడు గాని కాగితం మీద సంతకం ఇంకా కాలేదు. ఈలోగా జొన్న కోతలు అయిపోయాయి, ఆడవాళ్ళకు తీరిక చిక్కింది. మళ్ళీ ఆ తీరిక దొరకదని ఆమె పని మొదలుపెట్టింది. కాగితం కాకముందే పనేమిటని సణిగాను.

"నువ్వు గూడ రా కాకా, ఒక్కనాడు సూడు. సూసినంక కాగితం మంచిగొస్తది."

ఝరాసంగం వైపు ఆటోలో పోయాము. పది మంది, ఒక మేక, మధ్యలో ఆమె మైకుల పెట్టె. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, కింద పెట్టనివ్వలేదు.

ఊళ్ళో ఏడుగురు ఆడవాళ్ళు పాడటానికి ఒప్పుకున్నారు. ఆమె నాలుగు ఇండ్లు తిరిగి, ఒక్కో గదిలో చప్పట్లు కొట్టి విని, చివరికి జొన్న బస్తాలు పేర్చిన గదిని ఎంచుకుంది. బస్తాలుంటే గొంతు మెత్తగా ఉంటుందట. తలుపుకు గొంగడి కట్టింది. పక్కింటి మేకలను ఆ వీధి చివర కట్టేయించింది. గోడ గడియారం తీయించి బయట పెట్టించింది. ఆ గడియారం టిక్కుమంటుందని ఆ ఇంటివాళ్ళకే తెలియదు.

నేను ఒక మూల కూర్చుని డైరీ తీశాను. వాళ్ళలో ఒకామె, యాభై అయిదేళ్ళుంటాయేమో, నా వైపు చూపిస్తూ అంది: "గా సాబు ఏందే, అప్పుడే రాస్తుండు? ఇంక మనం నోరే తెరవలే."

"మనూరి లెక్కలేమో!" అని ఇంకొకామె. అందరూ నవ్వారు.

రికార్డింగుకు ముందు ఆ అమ్మాయి ఒక పని చేసింది. మైకు పెట్టి, మీట నొక్కి, వాళ్ళ మధ్య కింద కూర్చుని నిదానంగా చెప్పింది. "పెద్దమ్మా, అక్కా, అందరు ఇనుండ్రి. మీ పాట బయటికి పోతది. పట్నమోళ్ళు ఇంటరు, దేశమంత ఇంటది. పాట పాటకు నడుమ మీరేం మాట్లాడుకున్నా అది బయటికి పోదు, నా తాననే ఉంటది. గిది మీకు ఇష్టమైతె మీ పేరు చెప్పి, ఒప్పుకున్న అనుండ్రి."

"ఏలుముద్ర ఒద్దా?" అందరికన్న పెద్దామె అడిగింది.

"మీ గొంతే ఏలుముద్ర పెద్దమ్మా."

ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు పేరు చెప్పి ఒప్పుకున్నారు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. డైరీలో ఇలా రాశాను: "పాట బయటికి పోతుంది. మాట ఇక్కడే ఉంటుంది. ఏడుగురు ఒప్పుకున్నారు." మర్యాద బాగుందని పక్కన ఒక టిక్కు పెట్టాను. అంతకు మించి దాని సంగతి ఆలోచించలేదు.

ఆ తర్వాత ఆమె అందరినీ ఒక నిమిషం కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమంది. ఏమీ లేనిదాన్ని రికార్డు చేయడమేమిటని అడిగాను.

"ఏమీ లేదని ఎవరన్నరు కాకా? జాగాకొక సప్పుడుంటది. రేపు పాటల ఒక దగ్గు కోసేస్తె అక్కడ గుంత పడ్తది. గా గుంతల ఈ గది సప్పుడు పోస్తె ఎవ్వరికి తెల్వది."

నిమిషం పాటు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అప్పుడు విన్నాను. రేకుల మీద గాలి. బస్తాల్లో ఎక్కడో ఒక గింజ జారడం. ఇంకా పేరు పెట్టలేని ఏదో సన్నని మోత. డెబ్బై ఏళ్ళు దాటాక ఒక గది చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత పెద్దామె నాతో అంది: "సాబూ, జర బయట కూసో. మొగోడుంటె మాకు విసురుడు పాట రాదు."

బయట అరుగు మీద కూర్చున్నాను. గొంగడి వెనక పాట వినిపించేది. పాటలు ఆగినప్పుడు మాటల గొణుగుడు, నవ్వు, ఒకసారి చాలాసేపు ఏడుపు. మాటలు స్పష్టంగా తెలియలేదు. వినాలని ప్రయత్నించలేదు కూడా. సాయంత్రం ఆటోలో ఆ అమ్మాయి మళ్ళీ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వచ్చి కంపెనీ కాగితం రాశాను. నా జీవితంలో అంత ఇష్టంగా రాసిన కాగితం లేదు. అమ్మకం దస్తావేజులో చివర ఒక వాక్యం ఉంటుంది. పొలాన్ని, అందులోని చెట్లు, బావి, రాళ్ళు సహా, ఏ హక్కునూ మిగుల్చుకోకుండా అప్పగిస్తున్నాను అని. ముప్పై ఆరేళ్ళు చెయ్యి ఆ వాక్యం దగ్గరికి దానంతట అదే పోయేది. ఆ రోజూ పోయింది. పైగా ఆ గదిలో నిమిషం పాటు విన్న మోత నా చెవిలో ఉంది. ఇలా రాశాను: "సదరు రికార్డింగులను, అందలి పాటలు, మాటలు, నిశ్శబ్దములు సహా, ఏ హక్కునూ నా వద్ద మిగుల్చుకొనక తమకు స్వాధీనపరచుచున్నాను."

రాసి రెండుసార్లు చదువుకున్నాను. ఆ అమ్మాయి కూడా చదివి, "నిశ్శబ్దం గూడ రాసినవా కాకా!" అని నవ్వింది. ఆ సంతోషంలో ఇద్దరమూ అసలు మాట చూడలేదు.

మేనేజరు బీదర్ పోతూ దారిలో కారు మళ్ళించి మా ఇంటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మర్యాదస్తుడు. మా ఆవిడ చేసిన మిరపకాయ బజ్జీలు తింటూ కాగితం చదివి, "ఎంత బాగ రాసిన్రు సార్, ఇంత మంచి తెలుగు మా లాయర్లకు రాదు" అని సంతకం పెట్టాడు. నేను పొంగిపోయాను. అది కూడా డైరీలో ఉంది, కింద గీత గీసి.

నెల తర్వాత ఒక ఉదయం ఆమె వచ్చి గడపలోనే నిలబడింది. చాయ్ వద్దంది.

పాటలన్నీ సరిచేసి పంపింది. కంపెనీకి మస్తు నచ్చాయి. ఇప్పుడు మేనేజరు పాటల మధ్య మాటలు కూడా పంపమంటున్నాడు. పాట వెనక మనుషులు అని వేరే కార్యక్రమం చేస్తారట. ముందు ఇవ్వనంది. అప్పుడతను కాగితం ఫోటో తీసి పంపాడు, నా వాక్యం చుట్టూ గీత గీసి.

నేను నా నకలు తీసి చూశాను. మాటలు. నా చేతిరాతే.

"గా మాటలల్ల ఏమున్నది?" మా ఆవిడ అడిగింది.

"ఏమున్నదో నేను చెప్పొద్దు పెద్దమ్మా. ఒకామె తనింటి సంగతి చెప్పుకున్నది. ఆమె కొడుకు ఫోన్ల అది ఇంటె ఆ ఇంట్ల ఆమెకు కూడు పుట్టది. గంతే."

"అయితె పోయిందని చెప్పు. ఫోన్లల్ల అన్ని పోతుంటయి గద!"

"మూడు నకళ్ళు మూడు జాగాలల్ల పెడ్తనని కాకానే రాసిండు. మూడు ఒక్కసారె పోయినయంటె ఎవరు నమ్ముతరు? ఇంకోటి, నా తాన పెట్టింది పోయిందని నేనే చెప్తె, రేపు నా తాన ఎవరు పెడ్తరు?"

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. "నేను గూడ సదివిన గద కాకా" అని మాత్రం అంది. మేనేజరు వారం గడువు ఇచ్చాడు.

ఆమె వెళ్ళిపోయాక నేను అన్నం ముందు కూర్చుని లేచాను. నా బల్ల దగ్గర ఎవరి పొలం రాతలోనైనా తప్పు పడితే సవరణ దస్తావేజు రాసేవాణ్ణి. ముప్పై ఆరేళ్ళలో అటువంటివి పదకొండు. పదకొండింటిలోనూ "పొరపాటున పడినది" అని రాశాను, ఎవరి పొరపాటో రాయలేదు. చాలావరకు అవి సర్వే నంబరులో ఒక అంకె, తండ్రి పేరులో ఒక అక్షరం. సరిచేస్తే సరిపోయేది. ఇక్కడ ఒక మనిషి ఇల్లు ఉంది.

డైరీలు తీశాను. నాకు ఏం చేయాలో తోచనప్పుడు చేసే పని అదే. ఝరాసంగం పోయిన రోజు పేజీ దొరికింది. మూడు చిన్న వాక్యాలు, పక్కన టిక్కు. పాట బయటికి పోతుంది. మాట ఇక్కడే ఉంటుంది. ఏడుగురు ఒప్పుకున్నారు.

మళ్ళీ చదివాను. నా బల్ల ముందుకు పొలం అమ్మడానికి ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఇది నీకెట్ల వచ్చింది? నాయిన ఇచ్చిండా, కొన్నవా, పంపకంల వచ్చిందా? ఆ పాత కాగితం చూపిస్తేనే కొత్త కాగితం రాసేవాణ్ణి. దాన్ని లింకు కాగితం అంటారు. తనకు ఎంత వచ్చిందో అంతే అమ్మగలడు. ఎకరం వచ్చినవాడు రెండెకరాలు అమ్మితే ఆ రెండో ఎకరం ఉత్త కాగితమే. చదువురానివాళ్ళ దగ్గర కూడా ఆ ప్రశ్న అడగకుండా కలం ముట్టలేదు. ఈ అమ్మాయిని మాత్రం అడగలేదు. చప్పుడుకు పాత కాగితం ఉంటుందని నాకు తట్టలేదు.

కాని ఉంది. నా కళ్ళ ముందే తయారైంది, ఏడుగురి గొంతుతో. నేను దాన్ని మర్యాద అనుకుని టిక్కు పెట్టాను.

చెప్పులేసుకుని మైకు దుకాణం మెట్లెక్కాను. "గా రోజు ఒప్పుకున్న అని చెప్పించినవు గద, అది ఉన్నదా?"

"ప్రతి ఊర్ల మొదటి రికార్డు అదే ఉంటది కాకా." ఒక్క నిమిషంలో వెతికి తీసింది. ఆమె దగ్గర ప్రతి రికార్డుకూ ఊరు, గది, మైకు ఎక్కడ పెట్టింది, బయట గాలి ఉందా లేదా అన్నీ రాసి ఉన్నాయి. నా యాభై ఏళ్ళ డైరీలు ఆ పద్ధతి ముందు చెల్లాచెదురుగా కనిపించాయి.

విన్నాము. ఏడు పేర్లు, ఏడుసార్లు ఒప్పుకున్న. ఇదే నీ లింకు కాగితమని నేను చెప్పగానే ఆమె కుర్చీలో వెనక్కి వాలి, మొదటిసారి చాయ్ తెప్పించింది.

సవరణ పత్రం అక్కడే రాశాను. "సదరు ఒప్పందములో 'మాటలు' అను పదము, పత్రము రాసినవాని పొరపాటు వలన చేరినది. పాడినవారు ఈమెకు తమ పాటలను ఇచ్చినారు, మాటలను ఇవ్వలేదు. ఈమెకు రానిది ఈమె తమకు ఇవ్వజాలదు." రాసినవాని అనే చోట కలం ఆగలేదు.

మేనేజరును పిలిచాము. వచ్చాడు. ఆమె వాదించలేదు. అతణ్ణి ఆ బొంతల గదిలో కూర్చోబెట్టి మొదటి రికార్డు వినిపించింది. పెద్దామె ఏలుముద్ర సంగతి దగ్గర అతను నవ్వాడు, తర్వాత నవ్వలేదు. అయిపోయాక కాగితం చదివాడు.

"నేను మా ఆఫీసుల చెప్పేసిన మేడం. మాటలు ఉన్నయని, మస్తుంటయని."

"ఉన్నయి సార్. అవి నావి కావు."

"మరి నేను ఏం చెప్పాలె?"

"ఎవరి మాట వాళ్ళకు నేను ఇనిపిస్త. ఇయ్యొచ్చు అన్నది ఇస్త. ఒద్దన్నది ఇయ్య. గా ఒప్పుకునుడు గూడ రికార్డు చేసి మీకు ముందు పంపిస్త."

అతను నా వైపు తిరిగాడు. "ఇది మీ తప్పని మీరే రాసుకున్నరు సార్?"

"నాదే గద."

అతను అప్పుడే సంతకం పెట్టలేదు. పై వాళ్ళతో మాట్లాడాలన్నాడు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ డైరీలో వాన, ఎండ, బోరు తప్ప ఏమీ లేవు. అయిదో రోజు సంతకం చేసిన కాగితం వచ్చింది, చివర అతని చేతిరాతతో ఒక పంక్తి: నిశ్శబ్దములు మాత్రం మాకే ఉంచండి.

మళ్ళీ ఝరాసంగం వైపు ఆటో. మళ్ళీ ఆ జొన్న బస్తాల గది. బస్తాలు సగం తగ్గాయి. ఆమె ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వాళ్ళ మాట వాళ్ళకు వినిపించింది. నేను చెప్పకుండానే అరుగు మీద కూర్చున్నాను. గొంగడి ఈసారి సగమే దించి ఉంది. మనుషులు కనిపిస్తున్నారు, వినిపించడం లేదు.

పెద్దామె తన మాటలు తనే విని పగలబడి నవ్వింది. ఇచ్చుకో అంది. ఇంకొకామె సగం ఇచ్చింది, సగం వద్దంది. మొదటి రోజు నా డైరీ మీద జోకు వేసిన ఆమె అందరికన్న చివర పోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు చేతులతో చెవుల మీద అదిమి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మధ్యలో తీసేయలేదు, చివరిదాకా విన్నది. తర్వాత తీసి ఒళ్ళో పెట్టుకుని ఏదో అంది.

ఆ అమ్మాయి తలూపి కంప్యూటరు ఆమె వైపు తిప్పింది. చెరిపేయడానికి ఎక్కడ నొక్కాలో వేలితో చూపించింది, తను నొక్కలేదు. ఆమె నొక్కింది. అమ్మాయి పెట్టెలోంచి రెండో నకలు తీసి పెట్టింది. ఆమె నొక్కింది. మూడోది పెట్టింది. ఈసారి ఆమె గట్టిగా అడిగింది గనుక నాకూ వినిపించింది.

"ఇంకోటున్నదా?"

"లేదక్కా. గింతే."

ఆమె మూడోసారి నొక్కి, చీర కొంగుతో వేలు తుడుచుకుని బయటికి వచ్చింది. అరుగు దిగబోతూ నా ముందు ఆగింది. నా ఒళ్ళో డైరీ తెరిచే ఉంది.

"సాబూ, నీ బుక్కుల గూడ ఉన్నదా అది?"

"నేను బయటనే కూసున్న గదమ్మా. ఇనలే."

"సూపియ్యి."

ఆ పాత పేజీ తీసి చూపించాను. ఆమెకు చదవడం రాదు, నేనే చదివాను. పాట బయటికి పోతుంది. మాట ఇక్కడే ఉంటుంది. ఏడుగురు ఒప్పుకున్నారు.

"గా ఏడుగుర్ల నేనున్ననా?"

"ఉన్నవు."

"అయితె ఉండనియ్యి," అని వెళ్ళి వీధి చివర కట్టేసిన మేకలను విప్పుకొచ్చింది.